నల్ల పాన్సీ గింజలు

విరూపాక్షయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ల చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని పూర్తయ్యేదాకా ఆ ప్రశ్న ఊసెత్తేవారు కారు. కొందరికి అది ఒక పూటలో తెమిలేది. ప్రాణేశరావుకు ఏడాది పట్టింది.

ప్రాణేశరావు మదనపల్లెలో ముప్పై ఏళ్లుగా వీణ నేర్పుతున్నాడు. తన గురువు దగ్గర విన్నదాన్ని ఒక్క గమకం చెదరకుండా తర్వాతివాళ్లకు అందించడానికే తాను పుట్టానని నమ్మిన మనిషి. అతని శిష్యుల్లో నాగరత్నను మించినవాళ్లు లేరు. పన్నెండేళ్లు అతని ఎదుట కూర్చుని నేర్చుకుంది. ఆ నాగరత్న ఒక కచేరీలో కల్యాణి ఆలాపన చేస్తూ, అతను ఏనాడూ చెప్పని పోకడలు పోయింది. ముందు వరుసలో ఉన్న ప్రాణేశరావు కండువా దులిపి భుజాన వేసుకుని మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. మర్నాడు ఆమె ఇంటికి వస్తే తలుపు తీయలేదు.

ఆ ఫాల్గుణంలో అతను ఏనుగుమల్లమ్మ కొండ మీద ఆశ్రమంలో ఉండే విరూపాక్షయ్యగారి దగ్గరికి వెళ్లాడు. ఆయన పూలమడిలో గొంతుక్కూర్చుని ఎండుటాకులు ఏరుతున్నారు.

"ఇచ్చింది ఇచ్చినట్టు నిలబెట్టుకోనిది నాకు శిష్యురాలెలా అవుతుంది స్వామీ?" అని అడిగాడు.

ఆ మడి నిండా పాన్సీ పూలు రంగురంగులుగా పూసి ఉన్నాయి. వాటిలో ఒకటి దాదాపు నల్లన, మఖమలు గుడ్డలా ఉంది. ప్రాణేశరావు మాట్లాడుతూనే మాటిమాటికీ దానివైపు చూస్తున్నాడు. ఆయన అది కనిపెట్టారు.

"నచ్చినట్టుందే. దీని గింజ తీసుకుపోయి మీ పెరట్లో వేసుకో. పూశాక కనిపించు," అన్నారు.

పాన్సీ కాయ పచ్చిగా ఉన్నంతకాలం తలవంచుకుని ఉంటుంది. ముదిరాక తలెత్తుతుంది. ఆపైన ఏ క్షణాన్నో మూడుగా చీలి గింజలన్నీ చిమ్మేస్తుంది. అందుకని ప్రాణేశరావు కాయకు పల్చటి గుడ్డ కట్టి, కొండమీదే నాలుగు రోజులు ఉండి, ఆవగింజలో సగం లేని ఆ గింజల్ని తన చేతులతో ఏరుకుని పొట్లం కట్టుకున్నాడు. ఎండాకాలమంతా దాన్ని వీణ గదిలో చల్లని మూల దాచాడు. చలి తగలగానే, కార్తీకంలో, కుండీల్లో చల్లి పైన తడి గోనె కప్పాడు. వాటికి మొలకెత్తేదాకా చీకటి కావాలట. పదమూడో రోజున మొలకలు కనబడ్డాయి. పదకొండు బతికాయి. పొద్దున సాధకం ముగించగానే ముందు వాటి దగ్గరికే వెళ్లేవాడు.

మాఘంలో మొదటి పువ్వు విచ్చింది. ఊదా. రెండోది తెలుపు. తర్వాత వంగపండు రంగు ఒకటి, తేనెరంగు ఒకటి. పదకొండూ పూశాయి గాని నల్లది లేదు. అన్నిటికంటే పెద్దది నిమ్మపండంత పచ్చగా విరబూసింది. ఉక్రోషం పట్టలేక దాన్ని పీకి పారేద్దామని కుండీ ముందు కూర్చున్నాడు. దగ్గరగా చూస్తే ఆ పసుపు మధ్యన సన్నటి నల్లగీతలు కనబడ్డాయి. అవి ఆ తల్లిమొక్క నలుపే. చేయి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడే గేటు బయట అలికిడైంది. నాగరత్న నిలబడి ఉంది.

"లోపలికి రాను మాస్టారూ. ఒక్కమాట అడిగి పోతాను. మా వీధిలో బ్యాంకు ఉద్యోగం చేసే ఆవిడ వీణ నేర్పమంటోంది. మీరు సరేనంటేనే చెబుతాను. వద్దంటే ఈ జన్మకు ఎవరికీ చెప్పను."

"ఏం చెబుతావు? నేను నేర్పిందా, నువ్వు వాయించేదా?"

"ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు మాస్టారూ," అంది.

ప్రాణేశరావుకు కోపం రావలసిన చోట రాలేదు. "ఎల్లుండి రా," అన్నాడు. పచ్చపూల కుండీ ఒళ్లో పెట్టుకుని మర్నాటి బస్సుకే కొండ ఎక్కాడు.

"నల్లది ఒక్కటైనా రాలేదు స్వామీ. గుడ్డ కట్టింది నేను, గింజ ఏరింది నేను. పొరపాటుకు తావే లేదు," అంటూ కుండీ ఆయన ముందు పెట్టాడు.

"మరి పీకేయలేదేం?"

"చేయి రాలేదు."

ప్రాణేశరావు ఆగి ఆగి, నాగరత్న వచ్చిన సంగతీ, తాను ఎల్లుండి రమ్మన్న సంగతీ చెప్పాడు. ఆయన వింటున్నారో లేదో తెలియలేదు. కుండీని అటూ ఇటూ తిప్పి పువ్వులన్నిటినీ పరీక్షగా చూశారు. చివరికి దాన్ని పూలమడి దగ్గరికి జరిపి, చేతులు దులుపుకున్నారు.

"దీన్ని నాకు వదిలిపెట్టి వెళ్లు ప్రాణేశం. ఈ ఏడు విత్తనానికి దీన్నే ఉంచుకుంటాను."