ఏం కూర అని అడిగిన చీమ

ఒకప్పుడు చీమకి చీమ ఎదురుపడితే పలకరింపన్నదే ఉండేది కాదు. మొహం పక్కకి తిప్పుకుని, గబగబా దేని దారిన అది పోయేది. బారులు తీరి నడవడం కూడా అప్పటికి తెలియదు. ఒకటి తూర్పుకి పోతే ఇంకొకటి పడమటికి. ఎవరో నేలమీద ఆవాలు ఒలకబోసినట్టు ఎటు చూసినా చీమలే. ఏ రెండూ కలిసి నడిచింది మాత్రం లేదు.

"నా నోరు, నా కాళ్ళు, నా దారి. ఒకరితో మనకేం పని?" అనేవి.

అలాంటి చీమల్లో మహా మొండిది చురకమ్మ. ఎర్రగా, సన్నగా, నడుం ఉందా లేదా అన్నట్టుండేది. నడిస్తే కంటికి ఆనేది కాదు. కుడితే మాత్రం వీధి చివరి దాకా తెలిసేది. అంత పరుగు, అంత రోషం.

గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. ఆ ఊళ్ళో వెంకాయమ్మ మామ్మ వీధి అరుగుకి మూడు మెట్లు. రెండో మెట్టు పగుల్లో చీమల కాపురం. ఇంటిల్లిపాదికీ తిండి చూసే పెద్దరికం చురకమ్మది.

ఆ యేడు రోహిణి ఎండలు అయిపోవచ్చాయి. ఇవాళో రేపో మృగశిర వాన. వాన పడిందంటే మెట్టు పగుల్లోకి నీళ్ళు దిగుతాయి. అందుకని మట్టితో తలుపు మూసేసుకుని, నేల ఆరేదాకా లోపలే కూర్చోవాలి. కూర్చోడానికేం, కూర్చోవచ్చు. కొట్టుగదిలో చూస్తే రెండంటే రెండు నూకగింజలున్నాయి. పిల్లలు చూస్తే ఇంటినిండా ఉన్నారు.

"పిన్నీ, ఆకలి!" అంది ఒకటి.

"పిన్నీ, నాకు నిన్నట్నించీ ఆకలి!" అంది ఇంకొకటి.

"తెస్తానర్రా! వాన పడేలోగా ఈ గది నింపకపోతే నా పేరు చురకమ్మే కాదు" అని చురకమ్మ మీసాలు దువ్వుకుని బయలుదేరింది.

తిన్నగా మామ్మ వంటింట్లోకి పోయింది. అక్కడ గూట్లో బెల్లం డబ్బా ఉంది. మూత సందులోంచి వాసన ఘుమఘుమలాడుతోంది. తీరా దగ్గరికి వెళ్తే, మామ్మ ఆ డబ్బాని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టింది! చురకమ్మ ఆ పళ్ళెం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది. ఒక కాలు నీళ్ళలో పెట్టి చూసింది. జర్రున జారి, వెనక్కి తీసుకుంది. చేసేది లేక తిరిగొచ్చింది.

దారిలో ఇంకో చీమ ఎదురొచ్చింది. అదీ బెల్లం డబ్బా దగ్గరికే పోతోంది. 'అక్కడ నీళ్ళున్నాయే' అని ఒక్క మాట చెప్పొచ్చు కదా? చెప్పలేదు. 'నన్నడిగిందా ఏంటి? వెళ్ళి తనే చూసుకుంటుందిలే' అనుకుని మొహం తిప్పేసుకుంది. ఆ చీమా వెళ్ళింది, మూడు చుట్లు తిరిగింది, కాలు తడుపుకుని వచ్చింది. దానికి ఎదురు మరో చీమ. ఆ తర్వాత మరొకటి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆ ఇంటి చీమలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అదే పళ్ళెం చుట్టూ తిరిగి, అదే కాలు తడుపుకుని వచ్చాయి. నోరు విప్పినది మాత్రం ఒక్కటీ లేదు.

ఆ చీమల్లోనే నిదానమ్మ అని ఒకటుంది. లావుగా ఉంటుంది, మెల్లిగా నడుస్తుంది. పెద్ద గులకరాయి అడ్డం వస్తే చుట్టూ తిరిగి రావడానికి దానికి పూట పడుతుంది. అలాంటిది రోజూ ఉదయం ఎక్కడికో పోయేది, సాయంత్రానికి గుండ్రంగా, నిగనిగలాడుతూ వచ్చేది.

'ఇది వెళ్ళొచ్చేసరికి మామిడిపూత కాయైపోతుంది. దీనికెక్కడ దొరుకుతోందో మరి?' అనుకునేది చురకమ్మ. అనుకోవడమే. అడగడమంటే తల కొట్టేసినట్టుండదూ?

సరే, కాళ్ళు నెప్పెట్టి చురకమ్మ అరుగు మీద కాస్త నీడ చూసుకుని కూర్చుంది. ఆ అరుగు మీదే వెంకాయమ్మ మామ్మ, గోడకి వీపు ఆనించి, విసనకర్రతో విసురుకుంటూ కూర్చునుంది. ఆ వీధిన పోయేవాళ్ళెవరూ మామ్మని దాటుకుని ఊరికే పోలేరు.

"ఏవమ్మోయ్ మాణిక్యం! ఏం కూర?"

"ములక్కాడలు మామ్మగారూ! చెట్టు విరగకాసింది. తినలేక చస్తున్నాం."

"మీ ఆయనకి పడవన్నావు కదే?"

"పడకపోతే మానేస్తాడు. ఆయన కోసం చెట్టు కొట్టించనా?"

మాణిక్యం నవ్వుకుంటూ పోయింది. వెనకాలే పడవ నడిపే గవర్రాజు వచ్చాడు.

"ఏరా గవర్రాజూ, ఏం కూర?"

"మా ఆవిడ చెప్పలేదు మామ్మా. చెప్పలేదంటే నాకు పడని బీరకాయే అయ్యుంటుంది."

'చోద్యం కాకపోతే, ఈవిడకెందుకు ఊళ్ళోవాళ్ళ కూరలు? అడిగితే ఈవిడ విస్తట్లో వచ్చి పడతాయా?' అని చురకమ్మ మూతి ముడిచింది.

అంతలో వరహాలు వచ్చింది. చంకలో నీళ్ళబిందె. ఆ వీధి చివర, ఒకే గుంజ మీద నిలబడ్డ ఒంటి నిట్టాడి పాక ఆవిడది. ఇద్దరు పిల్లలు.

"ఏవే వరహాలూ, ఏం కూర?"

వరహాలు బిందె ఈ చంకనించి ఆ చంకకి మార్చుకుంది. "ఏదోలెండి మామ్మగారూ" అంది. తల ఎత్తలేదు.

మామ్మ ఇంకేమీ అడగలేదు. "సరే, ఎండలో నిలబడకు, వెళ్ళు" అంది. వరహాలు వెళ్ళాక మాత్రం విసనకర్ర ఆపేసి, ఆ పాక కప్పు కేసి చాలాసేపు చూసింది. అందరి ఇళ్ళ మీదా పొగ లేస్తోంది. ఆ పాక మీద లేదు.

"ఏదోలెండి అనే కూర నేను డెబ్భై ఏళ్ళలో ఎక్కడా తినలేదమ్మా" అనుకుంటూ మామ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. లోపలికెళ్ళి, గిన్నెనిండా ఏదో సర్ది, పైన బాదం ఆకు కప్పి బయటికొచ్చింది. వెంకాయమ్మ గారింట్లో ఏ కూర అని వేరే చెప్పాలా? వంకాయే.

ఆ గుత్తి వంకాయ వాసనకి చురకమ్మ ఆగలేకపోయింది. చటుక్కున మామ్మ చీర కొంగు పట్టుకుని, చెయ్యి మీదుగా పాకి, ఆకు మీదికెక్కి కూర్చుంది. 'మామ్మ దింపగానే ఇంత మూటగట్టుకు పోతాను' అనుకుంది. అలా పల్లకీలో ఊరేగినట్టు వీధి పొడవునా ఊగుతూ ప్రయాణం చేసింది. మధ్యలో మామ్మ తూలినప్పుడల్లా ఆకుని గట్టిగా కరుచుకుంది.

వరహాలు పాకలో పొయ్యి చల్లగా ఉంది. ఆ పొయ్యిలో పిల్లి హాయిగా కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది. పిల్లలిద్దరూ గుమ్మంలో కూర్చుని చింతగింజలు ఆడుతున్నారు గానీ, ఆటలో మాటా లేదు, నవ్వూ లేదు.

"ఒసే వరహాలూ!" అంది మామ్మ, అదేదో పెద్ద తగువుకి వచ్చినట్టు. "వయసు మీద పడి నా నోటికి ఉప్పు తెలిసి చావడం లేదే. ఈ కూరలో సరిపోయిందో లేదో కాస్త రుచి చూసి పెట్టు."

వరహాలు ఆకు ఎత్తి చూసింది. "ఉప్పు చూడ్డానికి ఇంత గిన్నెడా మామ్మా? కింద అన్నం కూడా ఉంది!"

"ఉత్త కూర తింటే ఉప్పేం తెలుస్తుందే? అన్నంలో కలుపుకోవాలి. నువ్వొక్కదానివి చెబితే నమ్మను. పిల్లలకి కూడా పెట్టి అడుగు. వాళ్ళ నోళ్ళు మంచివి."

పిల్లలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఒకడు నోటినిండా పెట్టుకుని, "ఉప్పు ఇంకా తెలీలేదు మామ్మా, ఇంకో వంకాయ తిని చెప్తా" అన్నాడు. వరహాలుకి నవ్వూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. కొంగుతో రెండూ కలిపి తుడుచుకుంది.

"సరిపోయింది మామ్మా. బాగా సరిపోయింది."

"హమ్మయ్య! నా బెంగ తీరింది" అని మామ్మ వచ్చిన దారినే పోయింది. దారిలో మాణిక్యం ఇంటి ముందు ఆగి, "ఒసే, ఆ ములక్కాడలు తినలేక చచ్చే కంటే నాలుగు కోసి వరహాలుకి పడెయ్యరాదూ!" అని కేకేసింది.

చురకమ్మ మూటగట్టుకోవడం మర్చిపోయింది. ఆకు మీంచి మెల్లిగా దిగి, ఇంటిముఖం పట్టింది.

'అయితే ఏం కూర అంటే కూర గురించి కాదన్నమాట!' అనుకుంది. 'తిన్నావా, పస్తున్నావా అనన్నమాట. నీ దగ్గర ఎక్కువుంటే లేనివాళ్ళ ఇల్లు చూపిస్తా, లేకపోతే ఉన్నవాళ్ళ ఇల్లు చూపిస్తా అనన్నమాట!'

అంతలో గోదావరి మీంచి మబ్బు లేచింది. గాలి రివ్వున కొట్టింది. వీధిలో దుమ్ము గిరగిరా తిరిగింది. వాన వచ్చేస్తోంది! కొట్టుగదిలో రెండు నూకగింజలే ఉన్నాయి. అవి కూడా ఈపాటికి ఉన్నాయో లేవో.

సరిగ్గా అప్పుడే ఎదురుగా నిదానమ్మ వస్తోంది. ఎప్పట్లాగే గుండ్రంగా, నిగనిగలాడుతూ, ఒక్కో అడుగే వేసుకుంటూ.

చురకమ్మ మొహం అలవాటుగా పక్కకి తిరిగిపోయింది. 'అడగడమా? నేనా? ఈ నిదానమ్మనా?' ఒక కాలు ముందుకి వేసింది. రెండో కాలు ముందుకి వేసింది. మూడో కాలు వెయ్యబోతే, చెవిలో "పిన్నీ, ఆకలి" అన్నట్టయింది. ఆరు కాళ్ళూ అక్కడే ఆగిపోయాయి.

"ఏం కూర?" అని అడిగింది. రోషమంతా మింగి అడిగిందేమో, గొంతు పీలగా వచ్చింది. ఆ కాస్తనీ గాలి ఎత్తుకుపోయింది.

"ఎంత దూరమా? చాలా దూరమే" అంది నిదానమ్మ.

"దూరం కాదు. కూర! ఏం కూరా అని!"

"ఎవరు దూరారూ?"

చురకమ్మకి ఒళ్ళు మండింది. అయినా ఈసారి వెనక్కి తగ్గలేదు. దగ్గరికి వెళ్ళి, తలకి తల ఆనించి, మీసాలు మీసాలకి తగిలించి, నోటి దగ్గర నోరు పెట్టి అడిగింది. "నిదానమ్మా, ఏం కూర?"

నిదానమ్మ తెల్లబోయింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఎవరూ ఆ మాట అడగలేదు.

"తాండ్ర" అంది.

"ఏం తాండ్ర?"

"మామిడి తాండ్ర. వెనక వీధి రాఘవులు పెరట్లో మంచాల మీద చాపలు పరిచి ఎండబెడుతున్నారు. రసం కారి, మంచాల కింద నేలమీద పెచ్చులు కట్టేసింది. మన పిల్లలు నెల్లాళ్ళు తిన్నా తరగదు."

"ఎన్నాళ్ళ నించి తింటున్నావు?"

"మామిడికాయ పండిన దగ్గర్నించీ."

"మరి చెప్పవేం!"

"నువ్వడిగావా?"

"అడక్కపోతే చెప్పవా?"

"అడగందే చెబితే గొప్పలు పోతోందంటావు. నిజం చెప్పు, అనవూ?"

అంటుంది. తప్పకుండా అంటుంది. ఆ సంగతి చురకమ్మకే తెలుసు.

"సరేలే, ఉత్తి మాటలెందుకు, నోరు తెరు" అని నిదానమ్మ తన నోట్లోంచి ఒక బొట్టు దాని నోట్లో పెట్టింది. "తీపి సరిపోయిందో లేదో చూసి పెట్టు."

చురకమ్మ గుటకేసింది. మామ్మ గుర్తొచ్చింది.

"సరిపోయింది. బాగా సరిపోయింది" అంది.

ఇక ఒక్క క్షణం ఆగలేదు. బెల్లం డబ్బా దగ్గరికి పోతున్న చీమ ఒకటి కనిపిస్తే పట్టుకుని ఆపింది. తలకి తల ఆనించి, "అక్కడ నీళ్ళ పళ్ళెమే ఉంది, పోకు! తాండ్ర కావాలంటే మా వెనకాల రా!" అంది. ఆ చీమ ఇంకో చీమని ఆపింది. అది మరో చీమని. ఆపినప్పుడల్లా తలకి తల ఆనించడం, గాలికి మాట పోకుండా చెవిలో చెప్పడం, రుచికి ఒక బొట్టు నోట్లో పెట్టడం.

దారి తెలిసింది నిదానమ్మ ఒక్కదానికే. అందుకని అది ముందు నడిచింది. చురకమ్మ దాని వెనకాల నిలబడింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. అంత పరుగులమారి చురకమ్మ, ఊళ్ళోకల్లా మెల్లిగా నడిచేదాని వెనకాల అడుగులో అడుగు వేసుకుంటూ నడవడం చూసి, మిగతావాటికి నవ్వు ఆగలేదు.

"గులకరాయొచ్చింది, కాస్త ఆగండర్రా" అంది నిదానమ్మ.

"ఆగుతాంలే తల్లీ, నువ్వు తప్పిపోకుండా ఉంటే అదే పదివేలు" అంది చురకమ్మ.

పెరట్లో రాఘవులు తాండ్ర చాపలు చుడదామా, ఇంకో పూట ఎండనిద్దామా అని ఆకాశం కేసి చూస్తున్నాడు. నేలమీద చూస్తే ఎర్రదారం లాగినట్టు చీమల బారు!

"ఓయ్, చాపలు ఎత్తండర్రా! చీమలు కూడా మూటలు సర్దుతున్నాయి. వాన వచ్చేస్తోంది!" అని అరిచాడు. వాళ్ళ చాపలు లోపలికి పోయాయి, వీళ్ళ పెచ్చులు మెట్టు పగుల్లోకి పోయాయి. ఆఖరి పెచ్చుతో చురకమ్మ లోపల కాలు పెట్టి, మట్టితో తలుపు మూసిందో లేదో, పైన టప్పుమని చినుకు పడింది.

"పిన్నీ, ఏంటిది?" అన్నారు పిల్లలు, మూతులన్నీ పసుప్పచ్చగా చేసుకుని.

"కూర" అంది చురకమ్మ.

బయట కుండపోతగా వాన. ఆ హోరులో కూడా అరుగు మీంచి మామ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఎవర్రా అది, తాటాకు గొడుగేసుకుని పోతోంది? ఏం కూర?"

అప్పటినుంచే చీమలు బారులు తీరి నడుస్తున్నాయి. అప్పటినుంచే చీమకి చీమ ఎదురుపడితే, నెత్తిన ఎంత బరువున్నా, ఎంత తొందరున్నా, ఒక్క క్షణం ఆగి తలకి తల ఆనిస్తుంది. రెండూ ఒకే పెరట్లోంచి ఒకే తాండ్ర పెచ్చు మోసుకొస్తున్నా సరే, ఏం కూర అని అడక్కుండా మాత్రం కదలవు.