ముందు బిందె

చిదంబరయ్యగారిని ఎవరైనా వేదాంతం అడిగితే వెంటనే జవాబు రాదు. ముందు మూలనున్న కూజా దగ్గరికి వెళ్లి గ్లాసుడు నీళ్లు వంచుకుని, వెలుతురుకేసి పట్టి చూసి, అప్పుడు తాగుతారు. కాషాయం కట్టకముందు ఆయన ఒక చిన్న మునిసిపాలిటీలో నీళ్ల సరఫరా చూసే ఓవర్సీరు. సన్యాసం పుచ్చుకున్నా ఆ అలవాటు మాత్రం ఆయన్ని వదల్లేదని ఆశ్రమంలో శిష్యులం నవ్వుకునేవాళ్లం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆయనా నవ్వేవారు.

ఆ రోజు ప్రశ్న అడిగినవాడు శేషఫణి. నోటితో కాదు, పలక మీద రాసి అడిగాడు. ఏడాదిగా మౌనం పట్టాడు మరి. మాట్లాడనివాడు దొరికితే అందరికీ మాటలు పుట్టుకొస్తాయి. వంటాయన కష్టాలు, కమిటీ వాళ్ల తగువులు, ఎవరు ఎవర్ని ఏమన్నారో, అన్నీ వాడి దగ్గరికే చేరేవి. ఆశ్రమంలో ఏ గుట్టు ఎవరికి తెలియకపోయినా ఫణికి తెలుసు. పాపం, తలాడిస్తూ ఓపిగ్గా వినేవాడు. ఆ పొద్దున మాత్రం సంచీ సర్దుకుని, వెళ్లిపోవడానికే సిద్ధపడి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పలక గురువుగారి ముందు పెట్టాడు. "ఏడాదిగా ఒక్క చెడ్డమాట బయటికి పోనివ్వలేదు. అయినా లోపల కుళ్లు పెరుగుతూనే ఉంది. ఇది ఎక్కణ్ణుంచి వస్తోంది? చెప్పలేకపోతే సెలవిప్పించండి."

గురువుగారు కూజా దగ్గరికి వెళ్లొచ్చారు. "మా ఊళ్లో నాగూర్ మీరా అని ఒక ఫిట్టరుండేవాడు" అని మొదలుపెట్టారు. ఆ తర్వాత చెప్పింది నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

అప్పటికి చిదంబరయ్యగారికి ఇరవై ఆరేళ్లు. కొత్త ఉద్యోగం, కొత్త సైకిలు, తనకు తెలియనిది లేదన్న ధీమా. ఆ వేసవిలో సున్నం బట్టీల బజారులో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. బావుల్లో ఉప్పునీళ్లు, పంటకాలవ ఎండిపోయింది. ఆ బజారంతటికీ వీధి కుళాయి ఒక్కటే దిక్కు. అదీ పొద్దున రెండు గంటలు. నీళ్లు కాచుకుని తాగమని చాటింపు వేశారు గానీ, కాచుకోవడానికి పుల్లలేవి? ఓవర్సీరుగారు నీళ్లొచ్చే వేళ వెళ్లి లైను పొడుగునా నడిచారు. పైపు పగిలితే పైన నేల చెమ్మగిల్లుతుందని ఆయన చదువుకున్న చదువు. ఎక్కడా చెమ్మ లేదు. జనం ముందే కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగి చూపించి, లైనులో లోపం లేదని సంతకం పెట్టి వచ్చారు.

నాలుగో రోజున పుల్లమ్మ అనే ఆవిడ ఆయన సైకిలుకి అడ్డం నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. "బాగుందన్నారు గదయ్యా. మీరు తాగారని మా పెద్దోడికీ పోశాను. నిన్న మాపు మట్టి చేసొచ్చాం. ఇప్పుడు చిన్నది పడింది. దీనికేం పొయ్యమంటారో చెప్పండి" అంది.

 నలభై ఏళ్లయినా ఆ ముఖం తన కళ్ల ముందునుంచి పోలేదన్నారు గురువుగారు.

ఆయన తిన్నగా నాగూర్ మీరా ఇంటికి వెళ్లారు. మీరాకి అప్పటికే యాభై దాటాయి. చదువు లేదు. ఆస్తంతా బొటనవేలు లావున్న ఇనుప కమ్మీ ఒకటి. దాని ఒక కొన పైపుకి ఆనేదాకా నేలలోకి దించి, రెండో కొన చెవికి పెట్టుకుని భూమిలో నీళ్ల నడక వినేవాడు. ఆ కమ్మీని చూసి ఓవర్సీరుగారు అంతకుముందు పదిమందిలో నవ్వారు కూడా. మీరా ఆ మాట ఎత్తలేదు. వచ్చి బజారులో ఒకటే ప్రశ్న అడిగాడు. "కుళాయి దగ్గర ముందు బిందె ఎవరిది?"

ముందు బిందె పుల్లమ్మది. రెండోది పక్కింటివాళ్లది. వాళ్లింట్లోనూ ఇద్దరు పడ్డారు. వరసలో వెనక నిలబడేవాళ్లు చాలామంది బాగానే ఉన్నారు. ఓవర్సీరుగారు దోసిలి పట్టింది నీళ్లు మొదలై గంట గడిచాక.

"అయ్యా, వచ్చే నీళ్లలో దోషం లేదు. కట్టేశాక చేరేదేదో ఉంది. పొద్దున ముందుగా అదే పడతంది" అన్నాడు మీరా. "వాల్వు కట్టేయించండి. పల్లపు బజార్ల వాళ్లు పైపులో మిగిలింది పట్టుకుంటే గొట్టం ఖాళీ అవుద్ది. ఇక్కడ మాత్రం చప్పుడు చేయొద్దని చెప్పండి."

చూస్తే పొద్దున తొమ్మిది గంటలు. బట్టీల దగ్గర రాళ్లు కొట్టేవాళ్లు సుత్తులు దించారు. బండివాళ్లు ఎడ్ల మెడల్లోని గంటలు చేత్తో పట్టుకున్నారు. ఏడుస్తున్న పిల్లల్ని తల్లులు కడుపుకి అదుముకున్నారు. అంత పెద్ద బజారు, అంత ఎండలో, ఒక మనిషి కోసం ఊపిరి బిగబట్టింది. మీరా నేల మీద బోర్లా పడుకుని కమ్మీ చెవికి పెట్టుకున్నాడు. లేచి పది అడుగులు జరిగి మళ్లీ పడుకున్నాడు. చెంప కాలుతున్నా తల ఎత్తలేదు. అలా ఎన్నిసార్లు పడుకున్నాడో ఎవరూ లెక్కపెట్టలేదు. గుడిలో కూడా అలాంటి నిశ్శబ్దం తాను చూడలేదని గురువుగారు అన్నారు. 

మురుగుకాలవ పక్కకి వచ్చాక మీరా కదల్లేదు. చేత్తో పిలిచాడు. ఓవర్సీరుగారు ఇస్త్రీ పంట్లాముతోనే ఆ దుమ్ములో పడుకుని కమ్మీకి చెవి ఆనించారు. మొదట ఏమీ లేదు. తర్వాత సన్నగా వినిపించింది, పసిబిడ్డ పాలు చీకుతున్నట్టు. ఆగి, మళ్లీ చీకుతోంది. భూమిలో ఇనుప గొట్టం మురుగు తాగుతోంది.

"పారేటప్పుడు ఇది మంచినీళ్లు కక్కుద్దయ్యా. కాలవలో కలిసిపోద్ది, ఎవరికీ కనపడదు. ఖాళీ అయ్యేటప్పుడు పీలుస్తంది" అన్నాడు మీరా నెమ్మదిగా. "ఇది ఎప్పుడూ తడిగా ఉండే చోటే గదా అని మీరు దాటిపోయుంటారు."

నిజంగానే దాటిపోయారు. కాలవకి అడ్డుకట్ట వేసి తవ్వితే, దాని కిందుగా పోయే పైపు అతుకులో చింతగింజంత సందు బయటపడింది. అతుకులో సీసం కరిగించి పోయాలి. చెమ్మ తగిలితే కాగిన సీసం మొహాన చిమ్ముతుంది. మీరా నడుంలోతు బురదలో కూర్చుని, తలగుడ్డతో ఆ అతుకుని తుడిచి తుడిచి, ఊది ఆరబెట్టి, సీసం పోశాడు. పైపుని మందునీళ్లతో కడిగించి, ఆ మొదటి నీళ్లన్నీ కాలవలోకి వదిలించాడు.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర వరస కట్టారు గానీ, ముందు నిలబడేవాళ్లు లేరు. పుల్లమ్మ బిందె పట్టుకుని దూరంగానే ఉంది. మీరా వెళ్లి ముందు నిలబడ్డాడు. కుళాయి తిప్పగానే పడ్డ నీళ్లకి దోసిలి పట్టి కడుపునిండా తాగి, మూతి తుడుచుకుని, పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు పుల్లమ్మ వచ్చి ఆ ధార కింద బిందె పెట్టింది.

"ఆ చిన్నపిల్ల?" అన్నాను ఉండబట్టలేక.

"బతికింది" అన్నారు గురువుగారు. 

శేషఫణి పలక తిరిగి చేతిలోకి తీసుకున్నాడు. గడప దగ్గర వంటాయన తొంగిచూసి, ఏదో చెప్పాలని వాడికి సైగ చేశాడు. వాడు లేవలేదు. పలక తుడిచి, "నేను నోరు కట్టేసి ఏడాదయింది గదా" అని మాత్రం రాశాడు.

గురువుగారు అది చదివి పలక తిరిగి వాడి ఒళ్లో పెట్టారు.

"కట్టెయ్యడం నేనూ చేయించాను నాయనా. ఎక్కడ పీలుస్తోందో చెవి పెట్టి వినే మీరా పని అక్కణ్ణుంచి మొదలైంది."