తిరుపాలు నక్క మార్చిన గుమ్మడికాయ

సముద్రానికీ ఉప్పునీటి సరస్సుకీ నడుమ, సరుగుడు తోపులున్న ఒక ఇసుక దీవిలో జంతువులన్నీ కలిసి రాకెట్లు కట్టేవి.

చిన్న రాకెట్లు వాటికి కొత్త కాదు. వాన ఎప్పుడొస్తుందో, తుఫాను ఎటు తిరుగుతుందో పైనుంచి చూసి చెప్పే పెట్టెలను ఎన్నోసార్లు ఎగరేశాయి. ఈసారి సంగతి వేరు. ప్రాణమున్న జీవిని చందమామ చుట్టూ తిప్పి క్షేమంగా కిందికి దించాలి. అందుకు తాటిచెట్ల కంటే ఎత్తయిన కొత్త రాకెట్ కావాలి, దాని కొసన కూర్చోవడానికి క్యాప్సూల్ కావాలి. రాకెట్ పని ఎద్దు పోలయ్య నెత్తికెత్తుకున్నాడు. క్యాప్సూల్ పని నక్క తిరుపాలుకు అప్పజెప్పారు.

"నక్కకా?" అని కొందరు గొణిగారు.

"బుర్ర ఉండేది వాడికే గదా," అన్నాడు పోలయ్య. "ఇన్నాళ్ళూ దాన్ని కోళ్ళగూళ్ళ మీద వాడాడు. ఇప్పుడు మంచిపనికి వాడనీండి."

తిరుపాలు నిజంగానే వాడాడు. తిండీ నిద్రా మరిచి క్యాప్సూల్ కట్టాడు. అందులో ఎక్కబోయేది కుందేలు చెంగమ్మ. బరువు తక్కువ, గుండె గట్టిది. రోజూ వచ్చి సీటులో కూర్చుని పట్టీలు సరిచూసుకునేది. మొదట్లో ఒక కాలు తలుపు బయటే ఉంచి కూర్చునేది. పోనుపోను నక్క పక్కనే చతికిలబడి, గరిక నములుతూ కబుర్లు చెప్పేదాకా వచ్చింది. ఒక కుందేలు తనను చూసి పరిగెత్తకపోవడం తిరుపాలుకు బుద్ధెరిగాక అదే మొదలు. అది తనకెంత బాగుందో వాడు ఎవరికీ చెప్పుకోలేదు.

చెంగమ్మ ఎక్కే ముందు ఒక పరీక్ష పెట్టారు. ఆమె బరువుకు సరిపోయే గుమ్మడికాయను సీటుకు కట్టి రాకెట్‌ను ఎగరేశారు. పోలయ్య రాకెట్ నిప్పులు కక్కుకుంటూ నిటారుగా లేచింది. దీవంతా కేరింతలు కొట్టింది. తిరిగొచ్చే క్యాప్సూల్ కోసం తిరుపాలు ఒక్కడే సరస్సు మధ్యలో తెప్ప మీద కాచుకుని ఉన్నాడు. పైనుంచి దిగుతున్న క్యాప్సూల్‌ను చూస్తూనే వాడు తెప్పను అటు తోశాడు. పారాచూట్ తాళ్ళు మెలిపడ్డాయి. అది విచ్చుకునేలోపే క్యాప్సూల్ దభీమని నీళ్ళను గుద్దుకుంది. తలుపు తీస్తే గుమ్మడికాయ రెండు చెక్కలై ఉంది. సీటంతా గింజలు.

అవతలి ఒడ్డున డప్పులు మోగుతున్నాయి. పోలయ్య మెడలో పూలదండ దూరానికి కూడా కనిపిస్తోంది. ఆ సంబరంలో ఎవరూ ఇటు చూడడం లేదు. ఎద్దు రాకెట్ గెలిచింది, నక్క క్యాప్సూల్ ఓడింది అంటారు. నక్క చేతిలో పెడితే ఇంతే అంటారు. ఆ నవ్వులు తిరుపాలుకు అప్పుడే చెవిలో పడ్డట్టయింది. బరువు సరిచూడ్డానికి తెచ్చిన జోడు గుమ్మడికాయ తెప్ప మీదే ఉంది. పగిలిన చెక్కలు నీళ్ళలోకి తోసేసి, సీటు తుడిచి, ఆ కాయను కట్టాడు. చెంగమ్మ ఎక్కబోయేది ఇది కాదు, ఒడ్డున సిద్ధంగా ఉన్న కొత్తది. కొత్త క్యాప్సూల్‌లో తాళ్ళను తర్వాత మెల్లగా సరిచేసుకోవచ్చులే అని తనకు తాను చెప్పుకున్నాడు.

ఒడ్డున అందరూ వాణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు.

"ఇంక విప్పి చూసే పనేముంది?" అన్నాడు పోలయ్య. ఆ సాయంత్రమే కొత్త క్యాప్సూల్‌ను రెండో రాకెట్ మీదికెక్కించి బిగించేశారు. తిరుపాలు అడ్డం చెప్పబోయి, ఎందుకని అడుగుతారేమోనని నోరు మూసుకున్నాడు.

ఎగరాల్సిన రోజు పొద్దున చెంగమ్మ తన పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది.

"తిరుపాలు మామా, నేనొచ్చేదాకా వీళ్ళు నీ దగ్గరే ఉంటారు."

"నా దగ్గరా?"

"మరెవరి దగ్గర? నా ప్రాణమే నీ చేతిలో పెట్టి పోతున్నా గదా."

చిన్నపిల్ల అప్పుడే వాడి తోక మీదికెక్కి కూర్చుంది.

"గాలి సరిగా లేదు చెంగమ్మా. ఈరోజు వద్దులే."

గాలి సంగతి చూసే కొంగ రవణమ్మ పైనుంచి అరిచింది. "గాలికేం? ఆకు కూడా కదలడం లేదు!"

"పట్టీలు వదులయ్యాయేమో."

"నిన్ననే చూసుకున్నా మామా."

"నీకు ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టుంది..."

చెంగమ్మ పకపకా నవ్వింది. "చూడండబ్బా, సొంత మేనమామ కూడా ఇంత దిగులుపడడు! గుమ్మడికాయకు గీత పడలేదు, నాకేమవుతుంది?"

ఇన్నేళ్ళూ వాడి అబద్ధాలను ఎవరూ నమ్మేవారు కాదు. ఈరోజు ప్రతి అబద్ధాన్నీ ప్రేమే అనుకుంటున్నారు. చెంగమ్మ నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది. తిరుపాలు చివాలున వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడు.

"ఎక్కొద్దు. గుమ్మడికాయ పగిలింది."

"ఏంది?"

"పారాచూట్ సరిగా విచ్చుకోలేదు. కాయ రెండు చెక్కలయింది. మీరు చూసిన కాయ నేను మార్చిపెట్టింది."

చెంగమ్మ నిచ్చెన దిగింది. నక్క తోక మీద ఆడుకుంటున్న పిల్లను పట్టి తన వెనక్కి లాక్కుంది. "ఎందుకమ్మా?" అని పిల్ల అడిగితే, "ఇటు రా," అని మాత్రం అంది. ఆమె నాలుగు తిట్టినా తిరుపాలుకు కాస్త ఊపిరాడేది. వాడు తల దించుకుని నిలబడ్డాడు.

"ఆ రోజే చెప్పుంటే ఏమయ్యేదిరా?" అన్నాడు పోలయ్య.

"నవ్వేవాళ్ళు."

"నవ్వేవాళ్ళమే. మర్నాడు అందరం కూర్చుని ఆ తాళ్ళు విప్పుకునేవాళ్ళం."

"నేను దీవి వదిలి పోతాను పోలయ్యన్నా."

"ఎక్కడికి? ఆ తాళ్ళు మడిచింది నువ్వు, విప్పాల్సిందీ నువ్వే. ఇక మీదట మాత్రం క్యాప్సూల్ తలుపు అందరి ముందర తియ్యాల."

క్యాప్సూల్‌ను కిందికి దించారు. తిరుపాలు తాళ్ళు విప్పి, మడిచే తీరు మార్చి, వానాకాలమంతా పనిచేశాడు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. వానలు వెలిశాక మరో గుమ్మడికాయను పంపారు. ఈసారి పారాచూట్ ముందుగానే విచ్చుకుంది, కానీ ఒక అంచు ముడుచుకునే ఉండిపోయింది. క్యాప్సూల్‌ను ఒడ్డుకు లాగి, దీవిలోని జంతువులన్నీ చుట్టూ నిలబడ్డాయి.

తిరుపాలు తలుపు తీశాడు. కాయను రెండు చేతులా ఎత్తి చూపించాడు.

"పగిలింది," అన్నాడు. వెనకున్నవాళ్ళకు వినపడలేదు. మళ్ళీ అన్నాడు, గట్టిగా. "పగిలింది!"

ఎవరూ నవ్వలేదు. చెంగమ్మ ముందుకొచ్చి కాయను అటూ ఇటూ చూసింది.

"అప్పుడు రెండు చెక్కలయింది. ఇప్పుడు ఒక్క పగులే," అంది పోలయ్యతో. "ఇంకోసారి పంపండి. ఆ తర్వాత నేను పోతా."

తిరుపాలు వైపు ఆమె చూడలేదు. పిల్లలను అవతలి పక్కన నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. వాడు కాయను నేల మీద పెట్టి, తల ఎత్తకుండానే తడిసిన తాళ్ళను దగ్గరికి లాక్కున్నాడు.

నీతి: తన తప్పును దాచుకునేవాడు దాన్ని తనను నమ్మినవాళ్ళ నెత్తిన పెడతాడు.