జడ్జిగారి పందితల

సైలస్ అక్క హన్నాకి ఉరిశిక్ష పడింది. పనిచేసే ఇంట్లో వెండి గిన్నె పోతే, ఆ నింద తెచ్చి ఆమె మీద పడేశారు. క్షమించమని రాజుగారికి సిఫారసు చేయగలిగినవాడు శిక్ష వేసిన ఆ జడ్జి ఒక్కడే.

జార్జి రాజులు ఇంగ్లండుని ఏలుతున్న రోజులవి. పెద్దమనుషుల్ని వెక్కిరించే బొమ్మలకి లండన్‌లో భలే గిరాకీ. రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసి, దుకాణం కిటికీకి అంటించేవారు. కొనేవాళ్లు కొనేవారు, మిగతావాళ్లు వీధిలో నిలబడి నవ్వుకునేవారు. అలాంటి దుకాణమే ముసలి టోబయస్‌ది. సైలస్ ఆయన శిష్యుడు. చెయ్యి మంచిదే, కోపమే కాస్త ఎక్కువ.

సిగ్గుపడైనా మనసు మార్చుకుంటాడని, తిండీ తిప్పలూ మానేసి, సైలస్ ఆ జడ్జిని పందిగా చెక్కాడు. మెడకి తువ్వాలు, ముందు పళ్లెం నిండా మనుషులు. కిటికీ ముందు జనం విరగబడి నవ్వారు. అటుగా పోతున్న జడ్జిగారి బండి కూడా ఆగింది. ఆయన దిగి చూసి, అందరికంటే గట్టిగా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒక ప్రతి కొనుక్కుని మరీ వెళ్లాడు, భోజనాల గదిలో తగిలించుకుంటాడట.

సైలస్ ఉలి విసిరికొట్టాడు.

"ఇంక మా అక్క బతకదండీ."

టోబయస్ ఆ ఉలి తీసి తుడిచాడు.

"తీర్పు రోజున నువ్వు కోర్టులో ఉన్నావుగా. ఆయన అక్కడేం తింటున్నాడు?"

"ఏమీ తినలేదు."

"మరేం చేశాడు?"

"అక్క తన గోడు చెప్పుకుంటుంటే జేబులోంచి గడియారం తీసి చూశాడు. మాట పూర్తికాకుండానే శిక్ష వేసేశాడు."

"అది ఈ బొమ్మలో ఎక్కడుంది నాయనా?"

సైలస్ బొమ్మకేసి మళ్లీ చూశాడు.

ముసలాయన రేకు ముందుకి లాక్కుని పందితల గీకేశాడు. తువ్వాలూ, పళ్లెమూ గీకేశాడు. నున్నగా రుద్ది, జడ్జి మొహం చెక్కాడు, ముక్కు ఎంతుందో అంతే. అరచేతిలో గడియారం. ఎదురుగా, సగం మాటలో ఆగిపోయిన ఆడమనిషి. కోర్టు గడప తొక్కని మనిషికి ఆ క్షణం ఎలా కనబడిందో సైలస్‌కి అంతుపట్టలేదు.

మర్నాడు కిటికీ ముందు జనం అలాగే మూగారు. ఎవరూ నవ్వలేదు. ఒక బండివాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. జడ్జిగారి బండి మళ్లీ ఆగింది. నవ్వడానికి సిద్ధపడి దిగినాయన బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాడు. చెయ్యి అలవాటుగా జేబువైపు వెళ్లి, మధ్యలోనే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నమే హన్నాని మళ్లీ పిలిపించారు. కబురు అందగానే సైలస్ కోర్టుకి పరిగెత్తాడు. తిరిగొచ్చి, కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"సిఫారసు రాశాడండీ. అక్క చెప్పిందంతా విన్నాడు."

"ఎంతసేపు విన్నాడు?"

"తెలీదండీ. ఎవరూ గడియారం చూడలేదు."