కుంటి బాతు లేని ఉత్తరం

పూర్వం చైనా దేశంలో చింగ్‌షీ అనే రేవు పట్నంలో షెన్ యెన్ అనే లేఖకుడు ఉండేవాడు. తన దస్తూరీ చూసుకుని తానే మురిసిపోయే అతను ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం సగమే వినేవాడు.

బజారులో పందిరి కింద బల్ల వేసుకుని, చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టడం అతని వృత్తి. రాతిపలక మీద నాలుగు నీటిచుక్కలు వేసి, గంధం తీసినంత శ్రద్ధగా సిరాకడ్డీని అరగదీసేవాడు. కుంచె ముంచి అక్షరం దించాడంటే దారినపోయేవాళ్లు ఆగి చూడాల్సిందే. అందులో మాత్రం అతనికి వంక పెట్టలేం. అతని దగ్గర తాతలనాటి పుస్తకం ఒకటి ఉండేది. కొడుకు తండ్రికి, శిష్యుడు గురువుకి, భార్య భర్తకి ఏ నెలలో ఎలా రాయాలో పెద్దలు కూర్చిన మచ్చు ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. వచ్చినవాళ్లు నోరు తెరవగానే షెన్ యెన్ చెయ్యి ఆ పుస్తకం మీదికి పోయేది. 'వీళ్లకు మాట్లాడటం రాదు. వీళ్ల మాటలకు నేను పట్టుబట్టలు కట్టి పంపుతున్నాను' అనుకునేవాడు.

ఒక శరత్కాలపు ఉదయం సోయా గింజలు తిరగలిలో విసిరి, ఆ పాలతో టోఫు అనే జున్ను చేసి అమ్ముకునే సూనియాంగ్ అతని బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె భర్త హాన్‌తే పదేళ్లుగా పడమటి సరిహద్దు కోటలో సైనికుడు. ఇన్నేళ్లలో వచ్చేపోయే సైనికుల నోట ఎప్పుడైనా ఒక కబురు అందడమే తప్ప, ఇద్దరి మధ్యా ఉత్తరం ముక్క నడవలేదు.

"అయ్యా, మా ఆయన గడువు తీరిందట," అంది సూనియాంగ్ చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "ఇంటికి రావచ్చట. లేకపోతే అక్కడే పొలం ఇస్తారట, ఉండిపోవచ్చట. చలికి కుడిచేతి వేళ్లు రెండు రాలిపోయాయట పాపం. 'ఇలాంటివాణ్ణి నేను రావాలా? అసలు నువ్వు ఉన్నావా?' అని ఎవరితోనో అడిగించాడు."

"సరే, ఏం రాయమంటావు?"

"రమ్మని రాయండి. ఊరికే రమ్మంటే నమ్మడు, మొండిమనిషి. మన కుంటి బాతు బతికే ఉంది, ముసలిదైపోయింది, ఇప్పటికీ నీ పాత టోపీలోనే పడుకుంటోంది అని రాయండి. తిరగలికి ఆయన బిగించిన పిడి ఆనాటి నుంచీ ఊగుతూనే ఉంది, వచ్చి సరిచెయ్యకపోతే ఊరుకోనని రాయండి."

బాతులేమిటి, తిరగళ్లేమిటి అని షెన్ యెన్ పెదవి విరిచాడు. పుస్తకంలో 'తొమ్మిదో నెల, దూరదేశాన ఉన్న భర్తకు భార్య' అన్న పుట తీశాడు. మంచి కాగితం పరిచి, ఒక్క గీత వంకరపోకుండా అంతా ఎక్కించాడు. ఆపైన గొంతు సవరించుకుని చదివాడు: "తమ ఎడబాటున, మింట సాగు అడవి బాతుల బారులను గాంచి కన్నీరు నించుచున్నాను. గడపపై నిలిచిన వెన్నెల తమ పాదధ్వనికై వేచియున్నది..."

సూనియాంగ్ నోరు తెరుచుకుని వింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. "చాలా బాగుందయ్యా. మరి మా బాతు?"

"ఉంది కదమ్మా! బారులు బారులుగా ఎగురుతుంటేనూ!"

"మాది ఎగరలేదయ్యా. దానికి నడవడమే కష్టం."

"నువ్వు చెప్పిందంతా ఇందులోనే ఉంది. ఇది చదువుకున్నవాళ్ల పద్ధతి," అన్నాడు షెన్ యెన్. పెద్దమనిషి మాట కాదనడం ఎందుకని, ఆమె బల్ల మీద టోఫు పొట్లం పెట్టి, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

చలికాలం మొదట్లో జవాబు వచ్చింది. సూనియాంగ్ ఆ కాగితాన్ని గుండెకు అదుముకుని పరుగున వచ్చింది. షెన్ యెన్ తన ఉత్తరానికి వచ్చిన మెప్పు వినాలన్న ఆశతో గట్టిగా చదవసాగాడు.

"సూనియాంగ్ పేరుతో ఉత్తరం రాయించిన ఇరుగుపొరుగు పెద్దలకు హాన్‌తే నమస్కారాలు. కోటలో గుమాస్తా చదివి అర్థం చెప్పాడు. చాలా గొప్పగా ఉందన్నాడు. కానీ నా భార్య ఎన్నడూ వెన్నెల ఊసెత్తలేదు. నన్ను 'తమరు' అనలేదు. బతికుంటే ఒక్క తిట్టయినా పంపేది. ఆమె పోయిందని చెప్పలేక, నేను కుమిలిపోతానని మీరే ఇలా రాయించారని గ్రహించాను. ఆమె పేరున అగరొత్తులు వెలిగించాను. ఇక అక్కడ నాకెవరున్నారు? వసంతం రాగానే ఇక్కడి పొలం తీసుకుంటాను. మా కుంటి బాతు ఇంకా ఉంటే, దయగలవాళ్లు ఎవరైనా పెంచుకోండి."

చివరి వాక్యాన్ని షెన్ యెన్ గొణిగినట్టు చదివాడు. తల ఎత్తి చూసే ధైర్యం చాలలేదు.

"బాతు సంగతి రాశానన్నారు కదయ్యా," అంది సూనియాంగ్. ఆమె కోప్పడినా బాగుండేది. కోప్పడలేదు.

"రాయలేదమ్మా. నువ్వు చెప్పింది ఒక్కటీ రాయలేదు. తప్పు నాది," అన్నాడు షెన్ యెన్. పుస్తకం మూసి బల్ల కింద పడేశాడు. "పడమటికి వెళ్లే తపాలా రౌతు ఇవాళే బయలుదేరుతున్నాడు. అతను దాటాక కనుమల్లో మంచు పడిందంటే వసంతం దాకా దారి ఉండదు. చెప్పమ్మా. ఎలా అంటే అలాగే రాస్తాను, తిట్లతో సహా."

సూనియాంగ్ కళ్లు తుడుచుకుంది. ముక్కు చీదింది. అంతే, నిజంగా మొగుడే ఎదురుగా నిలబడ్డట్టు అందుకుంది.

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? నిక్షేపంలా ఉన్న పెళ్లానికి అగరొత్తులు వెలిగిస్తావా? నీ బాతును ఊళ్లోవాళ్లకు ఇవ్వడానికి నువ్వెవరు? అది నీ టోపీ వదలదు, నేను నీ ఇల్లు వదలను. రెండు వేళ్లు పోతే పోయాయి. తిరగలి తిప్పడానికి ఎనిమిది చాలు. పొలమూ వద్దు, గిలమూ వద్దు. రా. నా ఒక్కదానికే వండుకుని తినబుద్ధి కావడం లేదు."

షెన్ యెన్ జన్మలో అంత వేగంగా రాయలేదు. సిరా చిందింది, గీతలు వంకర పోయాయి. అతను చూసుకోలేదు. తడి ఆరీ ఆరకముందే కాగితం మడిచి, పట్టుచెప్పులు బురదలో కూరుకుపోతుంటే రేవు దాకా పరుగెత్తాడు. రౌతు అప్పటికే గుర్రంతో సహా నది దాటే పడవ ఎక్కుతున్నాడు.

"సంచికి ముద్ర వేశాను. ఇక విప్పను," అన్నాడు రౌతు.

"ఒక్కసారి వినండి. విన్నాక కూడా వద్దంటే వెళ్లిపోతాను," అని షెన్ యెన్ ఒడ్డున నిలబడి ఉత్తరం పైకి చదివాడు. అగరొత్తుల దగ్గర రౌతు ఫక్కున నవ్వాడు. ఎనిమిది వేళ్ల దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆఖరి మాట వినగానే అటు తిరిగి ముక్కు తుడుచుకుని, "ఇలా ఇవ్వు," అని ఉత్తరాన్ని తన అంగీ లోపల దాచుకున్నాడు. ఇన్నేళ్లలో తన ఉత్తరం విని ఒక్కరూ నవ్విందీ లేదు, ఏడ్చిందీ లేదని షెన్ యెన్‌కు అప్పుడు తట్టింది.

పీచ్ చెట్లు పూసే రోజుల్లో, ఎండకు కమిలిన ముఖంతో ఒక మనిషి మూట మోసుకుంటూ బజారులోకి వచ్చాడు. కుడిచేతికి మూడే వేళ్లున్నాయి. షెన్ యెన్ గభాలున లేచి నిలబడ్డాడు.

"రెండో ఉత్తరం రాసింది మీరేనా?" అన్నాడు హాన్‌తే. "మొదటిది విని కోటంతా మెచ్చుకుంది. నేను మాత్రం ఏడ్చాను. రెండోది విని కోటంతా నన్ను చూసి నవ్వింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అయ్యా, ఆవిడ వచ్చి నా చెవి మెలిపెట్టినట్టే ఉంది!" ఇంతలో ఎదురు వరసలోని టోఫు అంగడి నుంచి, "దారిలో నిలబడి ముచ్చట్లేమిటి? తిరగలి ఎవరు చూస్తారు?" అని కేక వినిపించింది. హాన్‌తే చెవులదాకా నవ్వుతూ అటు పరుగెత్తాడు.

ఆనాటి నుంచి షెన్ యెన్ వచ్చినవాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా కుంచె ముట్టుకునేవాడు కాదు. తాతలనాటి పుస్తకం, ఊగే బల్ల కాలి కింద చక్కగా సరిపోయింది.

ఇంకొకరి తరఫున మాట చెప్పేవాడు తన గొప్ప చూపించుకోకూడదు. వాళ్ల మనసును వాళ్ల మాటల్లోనే చేర్చాలి.