చివరి కుటీరానికి వెచ్చదనం

రండి, ఇంకాస్త ముందుకు జరగండి. గోడకి ఆనుకున్న పెద్దాయనా, మీరు కూడా. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు, దూరంగా కూర్చుంటే సగం గాలికి పోతుంది. ఒక్కసారి ఆ పరమాత్మను తలుచుకుని వినండి.

హిమాలయాల్లో, ఏడాదిలో సగం రోజులు మంచు కప్పుకుని పడుకునే చోట, ఒక చిన్న ఆశ్రమం. అందులో అచ్యుతుడని ఒక బ్రహ్మచారి. ఒకనాడు పొద్దున్నే అతను తన తెల్ల ఉత్తరీయం మడతపెట్టి తెచ్చి, గురువుగారైన పూర్ణబోధస్వామి ముందు పెట్టాడు.

"నేను వెళ్ళిపోతాను స్వామీ. ఈ బట్ట కప్పుకునే అర్హత నాకు లేదు."

"ఏం నాయనా?"

"పెద్దస్వామిని నేనే చంపాను."

గురువుగారు ఆ ఉత్తరీయం వంక చూస్తూ కూర్చున్నారు.

అసలు జరిగిందేమిటో చెబుతాను.

ఈ అచ్యుతుడిది గోదావరి ఒడ్డు. ఆశ్రమానికి రాకముందు చక్కెర మిల్లులో బాయిలర్ ఇంజనీరు. చెరుకు పిప్పి మండించి మిల్లంతా నడిపించినవాడు. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలమే డీజిల్ కంపు అతని వల్ల కాలేదు. గదికో డీజిల్ హీటరు. మంచుకి దారి మూసుకుపోతే డీజిల్ రాదు, వస్తే గోడలన్నీ మసి.

"దేవుడి కొండ మీద ఈ నల్ల పొగేమిటి స్వామీ?" అన్నాడు గురువుగారితో. "అడవి నిండా రాలిపడ్డ కొమ్మలున్నాయి. కింద కోతమిల్లు వాళ్ళు రంపపు పొట్టు ఊరికే పారబోస్తున్నారు. ఒక్క కట్టెల బాయిలర్ పెట్టుకుంటే చాలు, కాగిన నీళ్ళు గొట్టాల్లో గదిగదికీ పోతాయి. పచ్చని చెట్టు మీద కత్తి పెట్టక్కర్లేదు."

మంచి ఆలోచన. అబద్ధం చెప్పకూడదు, నిజంగానే మంచి ఆలోచన. గురువుగారు సరేనన్నారు.

అచ్యుతుడు ఎండాకాలమంతా గొట్టాలు వీపున మోసుకుని కొండెక్కాడు. అక్కడి కట్టడాలు ఒక్కొక్కటీ ఒక్కో తీరు. ధ్యానమందిరం రాతిది, అతిథిగృహం సిమెంటుది, వేదపాఠశాలకు రేకుల కప్పు. అన్నిటికన్నా ఎగువన, ఒంటరిగా, రాయీ మట్టీ కలిపి కట్టిన పెద్దస్వామి కుటీరం. అతను అన్నిటికీ ఒకే లెక్కన గొట్టాలు వేశాడు. కార్తీకంలో బాయిలర్ వెలిగించి, పాత హీటర్లన్నీ తన చేతులతోనే పీకి కొట్లో పడేశాడు.

వంటశాలలో సూరమ్మగారి ఆనందం చూడాలి!

"ఏమయ్యా బాయిలర్ స్వామీ, ఇన్నేళ్ళకి నా వేళ్ళు అట్లకాడని సరిగ్గా పట్టుకుంటున్నాయి. వచ్చే జన్మలో నా కడుపున పుట్టు, నీ చేత ఊరందరి కట్టెలూ మోయిస్తాను!"

"ఈ జన్మలో మోయిస్తున్నది చాలదా అమ్మా?" అని అతనూ నవ్వేవాడు.

బాయిలర్ మీద వేడి ఎంతుందో చూపే ముల్లు ఒకటుంది. అచ్యుతుడు జపమాల తిప్పినంత భక్తిగా ఆ ముల్లు చూసుకునేవాడు. అది పైన నిలబడితే ఆశ్రమమంతా వెచ్చగా ఉన్నట్టే అతనికి.

ఇక పెద్దస్వామి. ఆయనంటే గురువుగారికే గురువంత గౌరవం. ప్రతి చలికాలమూ కాష్ఠమౌనం పట్టేవారు. అంటే నోరు మూసుకోవడం ఒక్కటే కాదు తల్లులారా, సైగ కూడా చేయరు, తల కూడా ఊపరు. ఆ మౌనంలో ఉన్నవారి గడప ఎవరూ దాటకూడదని ఆశ్రమం నియమం. భిక్ష గడప మీద పెట్టి, దండం పెట్టుకుని వెనక్కి రావాలి.

అచ్యుతుడు రోజూ ఆ గడప ముందు నిలబడి అడిగేవాడు: "స్వామీ, వెచ్చగా ఉందా?"

జవాబు రాదని తెలుసు. అయినా అడిగేవాడు. ఆయన దయగా చూసేవారు. ఆ చూపునే దీవెన అనుకుని, పొంగిపోతూ మెట్లు దిగేవాడు.

మాఘంలో మంచు విరుచుకుపడింది. కట్టెలు తడిశాయి. తడికట్టె పొగ ఇస్తుంది గానీ వేడి ఇవ్వదు కదా. బాయిలర్‌ పక్కనున్న గదులకి ఫరవాలేదు. ఎగువకి పోయే నీళ్ళే దారిలో చల్లారిపోయేవి. ముల్లు కాస్త కిందికి దిగింది, అంతే. అది బాయిలర్ కడుపులో సంగతి చెబుతుంది, కొండపైన ముసలి ఒంటి సంగతి దానికేం తెలుసు?

ఒకరోజు గడప మీద పెట్టిన భిక్ష పెట్టినట్టే ఉంది. నియమం పక్కనపెట్టి లోపలికి వెళ్ళారు. పెద్దస్వామి గోడకి ఆనుకుని, పద్మాసనంలో కూర్చున్నట్టే ఉన్నారు. ప్రాణం లేదు. వయసు మీదపడింది, గుండె ఆగిందన్నాడు వైద్యుడు. అయి ఉండొచ్చు. కానీ అచ్యుతుడు గోడవార గొట్టం మీద చెయ్యి వేసి చూశాడు. అది రాయిలా చల్లబడి ఉంది.

అదీ సంగతి. అందుకే ఉత్తరీయం తెచ్చి పెట్టాడు.

గురువుగారు లేచారు. ఆ ఉత్తరీయం విప్పి అతని భుజాల మీద కప్పారు.

"బయట చలిగా ఉంది. వెళ్దువుగానిలే, ముందు నాతో రా."

తిన్నగా వంటశాలకు వెళ్ళారు. సూరమ్మగారు పీట మీద కూర్చుని కూర తరుగుతోంది. గురువుగారు ఆవిడ ముందు నేలమీద కూర్చుని, రెండు చేతులా ఆవిడ పాదాలు పట్టుకున్నారు.

కత్తిపీట పక్కకి తోసేసింది ఆవిడ. "అయ్యో అయ్యో స్వామీ! ఏమిటీ ఘోరం! నన్ను నరకానికి పంపిస్తారా ఏమిటి? వదలండి, మీకు పుణ్యముంటుంది!"

"కదలకు తల్లీ. కాసేపే."

అలాగే పట్టుకుని కూర్చున్నారు. తర్వాత అచ్యుతుడి వైపు తిరిగి, "వెచ్చగా ఉన్నాయి" అన్నారు. లేచి వెళ్ళిపోయారు. సూరమ్మగారు తన పాదాలు తనే చూసుకుంటూ ఉండిపోయింది.

అక్కణ్ణుంచి పాఠశాలకు. అధ్యాపకుడు నరహరిశర్మగారు శాలువా కప్పుకుని తాళపత్రాలు సర్దుకుంటున్నారు. గురువుగారు మళ్ళీ కింద కూర్చున్నారు, మళ్ళీ పాదాలు పట్టుకున్నారు. శర్మగారు వెనక్కి లాక్కోబోయారు. గురువుగారు వదల్లేదు.

"చల్లగా ఉన్నాయి" అన్నారు.

అచ్యుతుడు ఉలిక్కిపడ్డాడు. "శర్మగారూ, ఇక్కడ కూడానా?"

"రేకుల కప్పు కదా బాబూ, వేడి నిలవదు. అలవాటైపోయిందిలే."

"మరి ఒక్కమాట చెప్పలేదేం?"

శర్మగారు తల దించుకున్నారు. "ఎలా చెప్పను? అన్ని గొట్టాలు ఒంటిచేత్తో మోశావు. రోజూ వచ్చి, అంత సంతోషంగా 'వెచ్చగా ఉందా' అని అడిగేవాడివి. లేదనడానికి నోరు రాలేదయ్యా."



గురువూ శిష్యుడూ ఎగువకి నడిచారు. దారిపొడుగునా మంచు. గురువుగారి కాళ్ళకి చెప్పులు కూడా లేవు. పెద్దస్వామి కుటీరం తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన జింకచర్మం ఒక్కటే పరిచినట్టే ఉంది, కూర్చునేవారు లేరు.

గురువుగారు ఆ గడప మీద కూర్చుని కాళ్ళు చాపారు.

"ఇప్పుడు నావి పట్టుకో."

అచ్యుతుడు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఎన్నోసార్లు దండం పెట్టిన పాదాలే. మంచుముద్దల్లా ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. కుడికాలి వేళ్ళు చిన్నగా వణుకుతున్నాయి.

అతని కన్నీళ్ళు ఆ పాదాల మీద పడ్డాయి.

గురువుగారు ఖాళీ గదిలోకి చూస్తున్నారు. 

"నేను కూడా రోజూ వచ్చాను నాయనా. ఈ గడప దగ్గరే ఆగిపోయాను."

అచ్యుతుడు ఆ పాదాలను వదల్లేదు.

ఇక లేవండి, పొద్దుపోతోంది. వెళ్ళేముందు నాదొక్క కోరిక. కథ మరిచిపోయినా ఫరవాలేదు, నా పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఇంటికెళ్ళాక, అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అనే మనిషి మీ ఇంట్లో ఎవరో ఉంటారు కదా, వాళ్ళ పాదాలు మీ అరచేతుల్లోకి తీసుకోండి. దీవెన అడగకండి. ఊరికే కాసేపు అలా పట్టుకుని కూర్చోండి.

రేపు కూడా.