సత్యవేణి నేర్చుకున్న 'వాంట్'

అనగనగా గోదారి పాయల నడుమ ఓ లంక ఊళ్ళో సత్యవేణి అని ఒకావిడ ఉండేది, తల్లీ. ఆ ఊరికి రోడ్డు లేదు. ఎటు వెళ్ళాలన్నా పడవెక్కాల్సిందే.

సత్యవేణి మొగుడు కొబ్బరికాయలు దింపేవాడు. ఓ వానాకాలం చెట్టు మీంచి జారిపడి నడుం విరిగింది. ఇక మంచం దిగలేకపోయాడు. ఇల్లు గడవాలి కదా? అప్పుడు సత్యవేణి మంచం మీదున్న మొగుణ్ణీ, మూడేళ్ళ కూతురు పావనినీ తన తల్లి చేతిలో పెట్టి, కువైట్‌లో ఒకళ్ళింట్లో పనికి వెళ్ళింది.

ఆ ఇంట్లో మేడం, ఆవిడ భర్త, మంచం పట్టిన ముసలి అత్తగారు, ఎనిమిదేళ్ళ నూర అనే పిల్ల ఉండేవాళ్ళు. మేడం సత్యవేణితో ఇంగ్లీషులో మాట్లాడేది. సత్యవేణి చదివింది అయిదో తరగతి.

మొదటి రోజే గొంతు పిడచకట్టుకుపోయింది. తాగే నీళ్ళు ఎక్కడుంటాయో తెలీదు. "మేడం, వాటర్ వాంట్" అంది. మన మాటల్లో 'నీళ్ళు కావాలి' అంటే చాలు, ఎవరికో చెప్పక్కర్లేదు. మేడం మాత్రం తనకి నీళ్ళు కావాలా అని అడుగుతోందనుకుంది. "నో, థాంక్యూ" అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. సత్యవేణి ఖాళీ చెంబులా నిలబడిపోయింది.

అది నూర చూసింది. పరుగెత్తి ఓ గ్లాసు నీళ్ళు తెచ్చింది. సత్యవేణి తాగేదాకా ఆగి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, "ఐ వాంట్ వాటర్" అని నిదానంగా చెప్పింది. ఎవరికి కావాలో వాళ్ళు ముందుండాలన్నమాట.

ఆ తర్వాత నూరే ఆవిడకి పంతులమ్మ. ముసలావిడ టీ అడిగిందని సత్యవేణి "గ్రాండ్మా వాంట్ టీ" అంటే, నూర వేలెత్తి "వాంట్స్" అనేది. మనకి కావాలంటే వాంట్, వేరేవాళ్ళకి కావాలంటే వాంట్స్. సత్యవేణికి అది బాగా పట్టుబడింది. సార్ వాంట్స్ కాఫీ. మేడం వాంట్స్ గొడుగు. నూర వాంట్స్ జడ. ఆ ఇంట్లో ఎవరికేం కావాలో పొద్దుట్నించి సాయంత్రం దాకా చెప్పేది ఆవిడే. 'ఐ వాంట్' అనే అవసరమే రాలేదు.

అలా మూడేళ్ళు తిరిగాయి.

శుక్రవారం శుక్రవారం ఇంటికి వీడియో ఫోను చేసేది. ఓ శుక్రవారం పావని ఊడిన పన్ను అరచేతిలో పెట్టుకుని ఫోను ముందుకొచ్చింది. ఆరేళ్ళ పిల్ల, రెండు జడలు, అచ్చం తండ్రి కళ్ళు. సత్యవేణి ఫోను తెర మీద ఆ చెంపని వేలితో నిమిరింది. అంతలో పావని వెనక్కి తిరిగి, సత్యవేణి తల్లితో, "అమ్మా, ఈ ఆంటీకి నా పన్ను చూపించాను" అంది.

పెద్దావిడ గాభరా పడి, "అదేంటే, అమ్మ కదే" అంది. ఈలోగా పిల్ల ఆడుకోడానికి తుర్రుమంది.

సత్యవేణి ఆ రోజంతా ఇస్త్రీ చేస్తూనే ఉంది. చేసిన బట్టలే మళ్ళీ చేసింది. ఆ తర్వాత నూర దగ్గరికెళ్ళి, "నాకు నా కూతుర్ని చూడాలనుంది. దాన్నెలా చెప్పాలి?" అని సైగలూ మాటలూ కలిపి అడిగింది.

"ఐ వాంట్ టు సీ మై డాటర్" అంది నూర. "మధ్యలో టు మర్చిపోకు."

ఆవిడ గిన్నెలు తోముతూ ఆ మాటే అనుకుంది. ముసలావిడ కాళ్ళు ఒత్తుతూ అనుకుంది. తీరా మేడం ముందు నిలబడేసరికి, ఇంకాస్త మర్యాదగా ఉంటుందని, "ఐ వాంటెడ్ టు సీ మై డాటర్" అంది.

మేడం తలెత్తి, "అప్పట్లో చాలా బెంగగా ఉండేదేమో. ఇప్పుడు అలవాటైంది కదా, మంచిది" అని మళ్ళీ ఫోనులో పడిపోయింది.

సత్యవేణి వంటింట్లోకొచ్చి చెబితే నూర తల అడ్డంగా ఊపింది. "వాంటెడ్ అంటే అయిపోయింది. నీకు అయిపోయిందా?"

"అవలేదు" అంది సత్యవేణి. అంతే, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది.

అప్పుడు నూర ఆవిడ చెయ్యి పట్టుకుని ముసలావిడ గదిలోకి తీసుకెళ్ళింది. మేడం అక్కడే ఉంది. సత్యవేణి కళ్ళు తుడుచుకుని, "ఐ వాంట్ టు సీ మై డాటర్" అని ఒక్కో మాటా విడిగా చెప్పింది.

మేడం అత్తగారి మంచం వంక చూసింది. "మరి అత్తయ్యని ఎవరు చూసుకుంటారు?" అంది. ముసలావిడకి ఇంగ్లీషు రాదు. వాళ్ళిద్దరూ ఏమంటున్నారని మనవరాల్ని అరబ్బీలో అడిగింది. నూర చెప్పింది. ముసలావిడ కోడలి వంక చూసి, "నన్ను నువ్వు చూసుకో. ఆ పిల్లని ఎవరు చూసుకుంటున్నారో" అంది.

మరో నాలుగు నెలలకి సెలవు దొరికింది. రెండంటే రెండు నెలలు.

సత్యవేణి లంకలో పడవ దిగింది. మొదటి రోజు పావని అమ్మమ్మ చీర కుచ్చిళ్ళ చాటునించి బయటికి రాలేదు. రెండో రోజు సత్యవేణి తెచ్చిన గౌను వేసుకుంది గాని, దగ్గరికి రమ్మంటే రాలేదు. సత్యవేణి బలవంతం చెయ్యలేదు. గుమ్మంలో కూచుని, పిల్ల ఆడుకుంటుంటే చూస్తూ ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున్నే ఉప్పూ పంచదారా తెద్దామని సంచీ పట్టుకుని పడవెక్కింది. పడవ కాస్త లోపలికి వెళ్ళిందో లేదో, రేవులో కేక వినబడింది. పావని చెప్పుల్లేకుండా బురదలో పరుగెత్తుకొస్తోంది.

"అమ్మా" అంటోంది. "అమ్మా, ఎళ్ళిపోకే."

పడవవాడు ఎవరూ చెప్పకుండానే పడవ వెనక్కి తిప్పాడు. ఒడ్డు చేరేదాకా సత్యవేణి ఆగలేదు. మోకాల్లోతు నీళ్ళలోకి దిగిపోయి పిల్లని ఎత్తుకుంది.

"బజారుకే" అంది. "ఇట్టే వచ్చేస్తాను."

"నేనూ వస్తా" అంది పావని, మెడ వదలకుండా.

రెండు నెలలయ్యాక మళ్ళీ వెళ్ళిందా అని అడుగుతావు. వెళ్ళింది, తల్లీ. ఏడాది చేసి వచ్చేసింది. ఆ ఏడాదీ శుక్రవారం వస్తే ఫోను ముందు అందరికంటే ముందు కూచున్నది పావనే.

కథేమో కంచి దాకా నడిచింది,
మనకేమో ఇంటి వాకిలి పిలిచింది,
గోదారి మీద గాలి నిలిచింది,
నా తల్లి కన్ను మెల్లగ మూసింది.